అంచు దగ్గర ఆగినవాళ్లు

"ఈయన రాసింది వినండి మేడమ్. 'కథ శుద్ధ దండగ, పరుగు మాత్రం ప్రాణం.' అయిదు నక్షత్రాలిచ్చాడు. పిలుద్దామా?" అన్నాడు డేవిడ్.

"ఎన్నిసార్లు పూర్తి చేశాడట?" అంది హేమలత, టీ కప్పు దించకుండానే.

"నలభై ఒక్కసార్లు."

"ఇంకా అడుగుతావేం? పిలువు."

విశాఖపట్నంలో, సముద్రం కనిపించీ కనిపించని ఒక మేడలో, మూడో అంతస్తులో ఉంది ఆ ప్రయోగశాల. నరాల మీద పరిశోధన చేసే చోట ఇద్దరు చదువుకున్నవాళ్లు పొద్దున్నే కూర్చుని, ఇరవై ఏళ్ల కిందటి వీడియో గేమ్ గురించి జనం రాసిన అభిప్రాయాలు చదువుకుంటున్నారంటే ఎవరికైనా నవ్వొస్తుంది. నవ్వేవాళ్లను హేమలత ఏనాడూ లెక్కచేయలేదు. తను అనుకున్నది అవుతుందని ఆమెకు ఎప్పుడూ నమ్మకమే. చాలాసార్లు అయింది కూడా, అదే ఆమెకు చెడ్డ అలవాటైంది.

ఆట పేరు 'మిద్దెపరుగు'. ఎప్పుడో హైదరాబాదులో ఆరుగురు స్నేహితులు కలిసి చేసింది. ఆడేవాడికి తెర మీద తన చేతులూ, బూట్ల కొసలూ తప్ప తనదంటూ ఇంకేమీ కనిపించదు. మిద్దె మీంచి మిద్దె మీదికి దూకుతూ, నీళ్ల ట్యాంకులెక్కుతూ, ఆరేసిన చీరల మధ్య నుంచి దూసుకుపోతూ ఊరు ఈ చివర నుంచి ఆ చివరకు చేరాలి. ఎడమ కాలికో మీట, కుడి కాలికో మీట. ఇదేం పిచ్చి అని ఆ రోజుల్లోనే సగం మంది తిట్టారు. "రెండు కాళ్లూ నేనే కదపాలంటే ఆట ఎందుకు, వీధిలో నడుస్తాను" అని ఒకాయన విసుక్కున్నాడు. ఏడో మిద్దె దగ్గర చెయ్యి అందదనీ, ఆ తప్పు ఆటదే గాని తమది కాదనీ ఒక యాభై మంది ప్రమాణం చేశారు. మెచ్చుకున్నవాళ్లందరూ మెచ్చుకున్నది మాత్రం ఒకటే. పడినా బెంగ లేదు, రెప్పపాటులో మళ్లీ అదే మిద్దె మీద నిలబెడుతుంది.

వాటిలో ఒకావిడ రాసిన మాట హేమలతను పట్టేసింది. "మొదటి వారం ఆటను తిట్టుకున్నాను. రెండో వారం నుంచి కుర్చీలో కూర్చునే ఉన్నాను గాని, నా కాళ్లు పరిగెడుతున్నాయి."

హేమలతకు కావలసింది సరిగ్గా అదే. మామూలుగా నడిచే మనిషి మెదడును చదివితే, అందులో అడుగు వెయ్యాలన్న తలపూ, కండరాలూ కీళ్లూ తిరిగి పంపే సమాచారమూ కలగాపులగంగా ఉంటాయి. విడదీయడం బ్రహ్మతరం కాదు. కుర్చీలో కదలకుండా కూర్చుని ఈ ఆట ఆడేవాడి మెదడులో తలపొక్కటే ఉంటుంది. అడుగు అక్కడ పుడుతుంది, కాలి దాకా రాకుండా ఆగిపోతుంది. వెన్ను దెబ్బతిన్న మనిషి లోపల జరిగేదీ అదే కదా! ఆ తలపుల జాడలు పోగుచేసి ఒక నడుంపట్టీకి నేర్పితే, రోగి 'నడవాలి' అనుకోగానే ఆ పట్టీ వెన్నులో అమర్చిన సన్నటి రేకుకు కబురు పంపుతుంది. రేకు కాళ్లను కదిలిస్తుంది. కొత్త ఆటలు దీనికి పనికిరావు. వాటిలో ఒక్క మీట నొక్కితే బొమ్మే గోడలెక్కేస్తుంది, మనిషి కాలు తలపెట్టాల్సిన పనేమీ ఉండదు.

అరవై రెండు మంది వచ్చారు. అందరూ అయిదు నక్షత్రాలవాళ్లు, ఆటను కంఠతా పట్టినవాళ్లు. తలకు మెదడును చదివే వల తొడుక్కుని, కుర్చీల్లో కూర్చుని, మిద్దెలన్నీ అవలీలగా దాటేశారు.

ఆ పట్టీ మొదట ఎవరికి కట్టాలో హేమలతకు ఆలోచించే పని లేదు. తండ్రి కరెంటు లైన్‌మన్‌గా పనిచేస్తూ పోయినప్పుడు ఆమె ఇంజనీరింగ్ రెండో ఏడు. పద్దెనిమిదేళ్ల తమ్ముడు అప్పలరాజు చదువు మానేసి తండ్రి ఉద్యోగంలో చేరి, అక్కను చదివించాడు. పద్దెనిమిదేళ్లు స్తంభాలెక్కాడు. మూడేళ్ల కిందట తుఫాను మర్నాడు, తుప్పు పట్టిన స్తంభం మధ్యకు విరిగి అతన్ని కింద పడేసింది. అప్పటినుంచీ నడుం కింద అతనికి స్పర్శ లేదు, కదలిక లేదు.

పట్టీ కట్టిన నాలుగో రోజున అతను లేచి నిలబడ్డాడు. ఆరో రోజున ప్రయోగశాల వరండా ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. నడిచాడని అనడం కూడా తక్కువే, గుండెలు విరుచుకుని విసవిసా వెళ్లాడు. డేవిడ్ ఈల వేశాడు. హేమలత మాత్రం గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకుంది.

"అప్పా, ఇవి నా కాళ్లేనేటి?" అని అక్కను చూసి అరిచాడు అప్పలరాజు. "పెళ్లినాడు కూడా ఇంత దర్జాగా నడవలేదు నాను!"

*

గోపాలపట్నంలో వాళ్ల ఇంట్లో ఆ వారమంతా పండగలాగే ఉంది. అప్పలరాజు చీకటి విడకముందే లేచి పాలు తెచ్చేవాడు. కూరగాయలకు వెళ్లి, అక్కర్లేని దొండకాయలు కూడా సంచీ నిండా తెచ్చేవాడు. వీధిలో ఆపినవాళ్లందరికీ నిలబడి కబుర్లు చెప్పేవాడు. మూడేళ్లపాటు చక్రాల కుర్చీలో ఉన్న అతనితో జనం వంగి మాట్లాడారు మరి.

భార్య నూకరత్నం ముఖం మాత్రం మూడో వారానికి మామూలుగా లేదు. చూడ్డానికొచ్చిన ఆడబిడ్డను పెరట్లోకి తీసుకుపోయి గొంతు తగ్గించి చెప్పింది.

"వదినా, నానొకటి సెప్తాను, నవ్వకు. నిన్న నూతికాడ మోటారు షాకు కొడతందని పక్కింటోళ్లు పిలిస్తే ఎల్లేడు. ఎల్లి అరసెయ్యి ఎట్టీసేడు. తిన్నగా అరసెయ్యే!"

"షాకు కొట్టిందా?" అంది హేమలత కంగారుగా.

"అప్పుడికి కరెంటు లేదు, బతికిపోనాడు. అది కాదు వదినా నా మాట. పద్దెనిమిదేళ్లలో ఆ మనిషి దేనికీ అరసెయ్యి ముందెట్టడం నాను సూళ్లేదు. ఇస్త్రీపెట్టికీ ఎనకసెయ్యే, తలుపు గొళ్లేనికీ ఎనకసెయ్యే. మా పెళ్లైన కొత్తలో నా సెంప కూడా ఎనకసేత్తోటే ముట్టుకున్నాడు."

చివరి మాటకు తనే సిగ్గుపడింది. ఆ అలవాటు హేమలతకు తెలియనిది కాదు. లైను పని చేసేవాళ్లు, కరెంటు ఆపేశామని ఎంతమంది చెప్పినా తీగను మొదట చేతి వెనకవైపుతోనే తాకుతారు. కరెంటుంటే చెయ్యి ముడుచుకుని తీగకు దూరంగా పోతుంది. అరచేత్తో తాకితే అలా ముడుచుకున్న వేళ్లే తీగను పట్టుకుంటాయి, మనిషి ఇక వదలలేడు. ఇంట్లో అన్నం గిన్నె మూతను కూడా తండ్రి ముందు అలాగే తాకి చూసేవాడు.

"చాన్నాళ్లకు లేచి తిరుగుతున్నాడు కదే, ఉత్సాహంలో మర్చిపోయుంటాడు" అంది హేమలత.

నూకరత్నం ఒప్పుకోలేదు. "అన్నం తినడం మర్సిపోతామేటి?" అంది. హేమలత ఆ మాటను అక్కడే వదిలేసి వచ్చింది.

*

రెండు రోజుల తర్వాత ప్రయోగశాలలో మెట్ల పరీక్ష పెట్టారు. చెక్కతో చేసిన మూడు మెట్లు, అంతే. అప్పలరాజు ఎక్కడం చకచకా ఎక్కాడు. పైన నిలబడి, దిగాలనుకున్నాడు. మామూలు మనిషైతే కాలికొసతో అంచు వెతుక్కుంటాడు. అతని కుడికాలు మాత్రం అంచును పట్టించుకోకుండా ఎదుటి మిద్దెకు దూకుతున్నట్టు గాల్లోకి చాచుకుని పోయింది.

చెయ్యి అడ్డం పెట్టుకోవాలని కూడా అతనికి తోచలేదు. భుజం ముందు తగిలింది, తర్వాత మణికట్టు విరిగింది. అందరూ పరిగెత్తుకొచ్చేసరికి అతను నేల మీద వెల్లకిలా పడి, పైకప్పు వైపు వింతగా చూస్తున్నాడు.

ప్రయోగాలకు అనుమతినిచ్చే సంఘం ఆ సాయంత్రమే ఉత్తరం పంపింది. మూడు వారాలు గడువు. ఆ మేడ మెట్ల వరస ఒకటి, పన్నెండు మెట్లు, తమ ఎదుట అప్పలరాజు క్షేమంగా దిగాలి. ఇంకొక్కసారి పడితే ప్రయోగం ఆపేసి, వెన్నులో రేకు తీసేయాలి. ఒకసారి తీసిన రేకును మళ్లీ అమర్చడం కుదరదు. అప్పలరాజు ఇక బతికినన్నాళ్లూ కుర్చీలోనే.

హేమలత ఆ రాత్రే కారణం కనిపెట్టేసింది, అంటే కనిపెట్టానని అనుకుంది. ఏడో మిద్దె దగ్గర చెయ్యి అందదని జనం మొత్తుకున్నారు కదా, ఆటలోనే ఏదో క్షణకాలపు ఆలస్యం ఉంది, అది పట్టీలోకి ఎక్కింది, సవరిస్తే సరిపోతుంది. మర్నాడు తమ్ముడి మంచం పక్కన కూర్చుని ఇదంతా హుషారుగా వివరించింది. అప్పలరాజు సిమెంటు కట్టు చెయ్యి కడుపు మీద పెట్టుకుని చివరిదాకా విన్నాడు.

"అప్పా, పడతన్నప్పుడు నాకు బెదురు రాలేదు" అన్నాడు.

"మంచిదేగా?"

"మంచిదేటి? స్తంభం మీంచి పడ్డప్పుడు పేనం గొంతులోకొచ్చీసింది. నిన్న పడతంటే, పోన్లే, మళ్లీ పైనుంటాను అనిపించింది. నిజంగానే అనిపించిందప్పా. నాకు బెదురు రాలేదు, ఇప్పుడదే నాకు బెదురుగా ఉంది."

హేమలతకు పెరట్లో నూకరత్నం చెప్పిన అరచెయ్యి అప్పుడు గుర్తొచ్చింది. ఇంటికి కూడా పోకుండా ప్రయోగశాలకు వెళ్లి, ఆ అరవై రెండు మంది లెక్కలు తెరిచింది. ఎన్నిసార్లు గెలిచారో అడిగింది గాని ఎన్నిసార్లు పడ్డారో ఆమె ఎవరినీ అడగలేదు. ఆటలో ఆ లెక్క ఉంది. నలభై ఒక్కసార్లు పూర్తి చేసిన మహానుభావుడు ఆరువేల పైచిలుకు సార్లు మిద్దెల మీంచి పడ్డాడు. అందరికన్నా తక్కువ పడ్డవాడు రెండువేల సార్లు పడ్డాడు. పడిన ప్రతిసారీ రెప్పపాటులో అదే మిద్దె.

"ఇలా చూడు డేవిడ్. ఎవరికైనా అంచు దగ్గర రెండు ఆజ్ఞలు కలిసి పుడతాయి. ఒకటి వెయ్యి అంటుంది, దాని వెనకే చిన్నది ఇంకొకటి ఆగు అంటుంది. బరువును వెనక కాలి మీద నిలిపేదీ, వేళ్లతో తడమమనేదీ ఆ రెండోదే. వీళ్లందరిలో అది చచ్చిపోయింది. ఆటే దాన్ని చంపేసింది."

"అంటే మనం పట్టీకి నేర్పింది..."

"చావంటే లెక్కలేని అడుగు. పైగా పట్టీ కాళ్లతోనే మాట్లాడుతుందనుకున్నాను. అది మనిషికే నేర్పుతోంది డేవిడ్. మూడు వారాల్లో మా నాన్న నేర్పిన జాగ్రత్తను వాడి చేతుల్లోంచి తుడిచేసింది."

తన తెలివి మీద తనకే అసహ్యం వేసింది హేమలతకు. ముఖం కడుక్కుని వచ్చి, అభిప్రాయాల పుట మళ్లీ తెరిచింది. ఈసారి అడుగు నుంచి చదవడం మొదలుపెట్టింది.

ఒక్క నక్షత్రం వాళ్లు అక్కడున్నారు. రెండు వాక్యాలు రాసి విసిరికొట్టి పోయినవాళ్లు. "మొదటి మిద్దె అంచు దాకా వచ్చాను. అరికాళ్లు జిల్లుమన్నాయి. ఆపేశాను." "మా ఆవిడ ఆడుతుంటే పక్కన కూర్చున్నాను, నాకు వాంతి అయింది." కాకినాడ నుంచి కామేశ్వరి అనే నర్సు రాసినదాన్ని హేమలత పైకి చదివింది: "ఈ ఆట చేసినవాళ్లు ఎప్పుడూ ఎత్తు మీంచి కిందికి చూసినట్టు లేదు. పదకొండు నిమిషాలు ఆడాను, అందులో తొమ్మిది నిమిషాలు అంచు దగ్గరే నిలబడ్డాను. ఒక నక్షత్రం. అదైనా ఆకాశం రంగు బాగుందని."

"ఈవిడే" అంది హేమలత.

"ఆడలేక వదిలేసినవాళ్లండీ వీళ్లు!" అన్నాడు డేవిడ్.

"ఆడకపోతేనేం, ఆ ఎత్తు నిజమేనని వీళ్ల కాళ్లు నమ్మాయి."

*

కామేశ్వరి యాభై దాటిన మనిషి. చేతిసంచీలో చల్ల సీసా, తువ్వాలు పెట్టుకుని కాకినాడ నుంచి బస్సులో వచ్చింది.

"నా భయం ఆయనకెందుకండీ బాబూ?" అంది తలకు వల తొడుగుతుంటే. "మాది అయిదో అంతస్తండి. బాల్కనీలోకి అడుగెట్టలేక బట్టలు హాల్లోనే ఆరేసుకుంటానండి. మా ఇంటికొచ్చినోళ్లందరూ లుంగీల కిందనుంచి దూరి రావల్సిందే."

"మీకు ఎక్కువగా ఉన్నదే అడుగుతున్నామండీ" అంది హేమలత.

"తీసుకోండి మరి, బోలెడుంది" అని నవ్వింది కామేశ్వరి.

తెర మీద మిద్దె అంచు రాగానే ఆ నవ్వు పోయింది. ముక్కు మీద చెమట పట్టింది. కాళ్లు నేల మీదే ఉన్నాయి, అయినా చీరకుచ్చెళ్ల కింద మోకాళ్లు దగ్గరకు నొక్కుకున్నాయి. పక్కనున్న యంత్రం మీద హేమలతకు కావలసిన రెండో ఆజ్ఞ చిన్నగా, స్పష్టంగా, ప్రతి అడుగు వెనకా కనిపించింది. ఆమె దాన్ని చూసి సంతోషించింది. పక్కకు తిరిగితే కామేశ్వరి కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. అవతలి మనిషి హడలిపోతుంటే తను సంతోషిస్తోందని తెలిసి హేమలతకు సిగ్గేసింది.

పన్నెండు నిమిషాలు కాగానే ఆపించింది. రెండోసారి ఆడిద్దామని డేవిడ్ అంటే వద్దంది. ఆ సంగతి యంత్రమే చెబుతోంది, చివరి రెండు నిమిషాల్లోనే జాడ పలచబడింది. ఇంకో నాలుగుసార్లు ఆడిస్తే కామేశ్వరి కూడా అయిదు నక్షత్రాల మనిషి అయిపోతుంది, బాల్కనీలోకి అరచేతులు చాచుకుంటూ వెళ్తుంది. ఒక్కో మనిషి ఒక్కసారే అని హేమలత ఆనాడే నియమం రాసి గోడకు అంటించింది. అలా నలభై మంది వచ్చి, బెదిరి, టీ తాగి వెళ్లారు. పట్టీలో పాత జాడలు మొత్తం చెరిపేసి వాళ్లవి నింపారు.

సంఘం వచ్చే ముందురోజు మధ్యాహ్నం హేమలత తమ్ముడికి దాచకుండా చెప్పింది. ఈ పట్టీతో నడుస్తావు గాని దర్జా ఉండదు. అంచు కనిపిస్తే కాళ్లు తమంతట తామే వెనక్కి లాగుతాయి. స్తంభం మాట ఇక మరిచిపోవాలి.

అప్పలరాజు చాలాసేపు కిటికీ లోంచి వీధి స్తంభం వైపు చూశాడు. మళ్లీ ఎక్కుతానని అతను మనసులో ఎంత గట్టిగా అనుకున్నాడో ఆ చూపుతో తెలిసిపోయింది.

"నాకొక బెదురుండేదప్పా. నాన్న నేర్పింది, పదిలంగా ఎట్టుకున్నాను. ఎంతవరకు ఎళ్లాలో అదే సెప్పేది. దాన్ని నీ ఆట తినీసింది. ఇప్పుడు ఊరోళ్ల బెదురు తొడుక్కోమంటన్నావు."

"ఔన్రా. తప్పు నాదే. నాకు చేతనైన దిద్దుబాటు ఇంతే."

అతను చొక్కా పైకి లాగి నడుం చూపించాడు. "ఏడవకు మరి. కట్టు" అన్నాడు.

*

పదకొండు గంటలకు సంఘం వారు నలుగురు మెట్ల కింద కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. పైన అప్పలరాజు నిలబడ్డాడు. అతని వెనక రెండడుగుల దూరంలో డేవిడ్. నూకరత్నం కింద మెట్టు పక్కన గోడకు ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుని ఉంది.

అప్పలరాజు అంచు దాకా వచ్చి ఆగాడు. ఒక నిమిషం గడిచింది, రెండు గడిచాయి. నుదుటి చెమట కనుబొమల మీదికి దిగింది. సంఘం అధ్యక్షుడు గడియారం చూసుకుని, ఏమైనా ఇబ్బందా అన్నట్టు హేమలత వైపు తల ఎగరేశాడు. యంత్రం అంతా సవ్యంగానే ఉందని ఆమె చేతిలోని తెర చెబుతోంది. ఒక్క మాట చెబితే డేవిడ్ ఆ రెండో ఆజ్ఞను కాస్త తగ్గించగలడు. తగ్గిస్తే తమ్ముడు చకచకా దిగుతాడు, దిగినా దిగవచ్చు. జీవితంలో మొదటిసారి హేమలత తనకు తెలిసింది పక్కనపెట్టి చేతులు కట్టుకుని నిలబడింది.

నాలుగో నిమిషంలో అతని కుడికాలు కదిలింది. బొటనవేలు అంచును తడిమింది, వెనక్కి పోయింది, మళ్లీ వచ్చి తడిమింది. మడమ నెమ్మదిగా కింది మెట్టు మీద వాలింది. బరువు మారింది. ఎడమకాలు వచ్చి పక్కన చేరింది. ఒక మెట్టు.

పన్నెండు మెట్లకు పావుగంట పట్టింది. ఆరో మెట్టు మీద కాలు జారబోతే ఎవరూ చెప్పకుండానే అతని ఒళ్లంతా వెనక్కి కూలబడి, కట్టు లేని చెయ్యి కమ్మీని పట్టుకుంది. గోడ పక్కనుంచి నూకరత్నం కేక వేసింది. అతను అక్కడే ఊపిరి తీసుకుని, లేచి, ఏడోది దిగాడు. చివరి మెట్టు దిగి నేల మీద నిలబడేసరికి చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది.

అధ్యక్షుడు చప్పట్లు కొట్టి, కుర్చీలోంచి లేచి వచ్చాడు. "శభాష్! ఇటు వైపు నాలుగడుగులు వెయ్యండి, ఫోటో తీసుకుందాం."

అప్పలరాజు కదల్లేదు. తన మోకాళ్ల వైపు చూసుకుంటున్నాడు. ప్యాంటు గుడ్డ అదురుతోంది. నూకరత్నం చప్పున కింద కూర్చుని రెండు చేతులతో ఆ కాళ్లను పట్టుకుంది. మూడేళ్లపాటు కడిగి, తుడిచి, తిప్పి పడుకోబెట్టిన కాళ్లవి. ఆ మూడేళ్లలో అవి చలికి గాని జ్వరానికి గాని ఒక్కసారి వణకలేదు. ఇప్పుడు ఆమె అరచేతుల్లో ఆగకుండా వణుకుతున్నాయి.

"ఏం బాబూ, నాలుగడుగులే" అన్నాడు అధ్యక్షుడు.

"ఉండండి బాబూ" అన్నాడు అప్పలరాజు. నవ్వుతున్నాడు, కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. "కాసేపు నన్ను బెదరనివ్వండి."